దంతె మీద బరువు

నా చెయ్యి బరువు. సిగ్గుపడి చెప్పడం లేదు, పన్నెండేళ్ళుగా ఆ బరువు మీదే బతుకుతున్నాను. నారాయణగూడలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్తాను నేను. కొత్తగా చేరినవాళ్ళు మిషను మీద మల్లెపూలు కోస్తున్నట్టు వేళ్ళు ఆనిస్తారు. అట్లా ఆనిస్తే పై కాగితం మీదే అక్షరం సరిగా పడదు, ఇక కింది కార్బన్ల సంగతి దేవుడెరుగు. "గట్టిగ కొట్టు, మూడో కాపీల కనవడాలె" అని అరవడమే నా ఉద్యోగం. ఇంట్లోనూ అదే చెయ్యి. కమల తలుపు వేస్తే గోడ మీది క్యాలెండరు ఊగుతుందని మా ఆయన విఠల్ అంటాడు. కమల మాటన్నా ఊగుతుందని కూడా అంటాడు గానీ, నేను వంటింట్లో ఉన్నప్పుడు అంటాడు.

ఇలాంటి చేతికి తాళాలు తెరిచే సరదా పట్టింది. దానికి కారణం అనుదీప్. విద్యానగర్‌లో గది తీసుకుని ఎమ్మెస్సీ చదువుతున్న కుర్రవాడు, మా దగ్గర టైపు లోయర్ పరీక్ష పాసయ్యాడు. తొంభై ఏడు జనవరిలో ఓ ఇంగ్లీషు కాగితాల కట్ట తెచ్చాడు. యూనివర్సిటీ కంప్యూటర్లో ఎక్కడినుంచో దింపుకున్నాడట, సగం అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. స్నేహితులకు పంచడానికి మూడు కాపీలు శుభ్రంగా టైపు చేసిపెట్టమన్నాడు. విదేశాల్లో కొంతమంది తాళంచెవి లేకుండా తాళం తెరవడం సరదాగా నేర్చుకుంటారట. మనవాళ్ళు గళ్ళనుడికట్టు నింపినట్టు, వాళ్ళు ఆదివారం పూట తాళం పట్టుకుని కూచుంటారట. మొదటి పేజీలోనే రెండు షరతులున్నాయి. నీది కాని తాళం ముట్టుకోవద్దు. వాడుకలో ఉన్న తాళం అసలే ముట్టుకోవద్దు. ఇరవై రెండు పేజీల్లో మొదటిది పూర్తయ్యేసరికే నాకు ఆ పిచ్చి తలకెక్కింది. అడుగున ఎవరికీ చెప్పకుండా నాలుగో కార్బన్ కాపీ కూడా పెట్టుకున్నాను, నా కోసం.

సంగతి చాలా తేలిక, చదవడానికి. తాళంలో చిన్న చిన్న పిన్నులు వరసగా నిలబడి ఉంటాయి, ఒక్కోటి ఒక్కో ఎత్తు. సరైన తాళంచెవి పెడితే అన్నీ ఒక గీత మీదికి వస్తాయి, అప్పుడు గొట్టం తిరుగుతుంది. తాళంచెవి లేకపోతే రెండు పనిముట్లు కావాలి. ఎడమచేత్తో ఒక వంకర పుల్ల పెట్టి గొట్టాన్ని తిప్పుతున్నట్టు పట్టుకోవాలి. దాన్ని టెన్షన్ అంటారు. కుడిచేత్తో రేక్ అనే పలచటి పళ్ళ పుల్లని లోపలికి పెట్టి ముందుకీ వెనక్కీ గోకాలి. పిన్నులు ఎగిరి ఎగిరి ఒక్కొక్కటే గీత మీద ఆగుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు రేకే సులువని రాసి ఉంది. కింద గీత గీసి ఇంకో మాట ఉంది, టెన్షన్ టైట్‌గా ఉంచాలని. అది చదివి నాకు భలే ధైర్యం వచ్చింది. టెన్షన్ టైట్‌గా పెట్టడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

మా వీధిలోకి సైకిలు మీద సాన పట్టడానికి వచ్చే పీరయ్యకు విరిగిన రంపం బ్లేడు ఇచ్చి, బొమ్మ గీసి చూపించి, అలలు అలలుగా పళ్ళు పెట్టించుకున్నాను.

"ఏంది టీచరమ్మా ఇది, కత్తా రంపమా?" అన్నాడు.

"చిక్కు తీసెటిది" అన్నాను.

"ఎవ్వరి నెత్తికి?" అని అడిగాడు గానీ జవాబు కోసం ఆగలేదు. రెండోదాన్ని సైకిలు పుల్ల చితక్కొట్టి వంచి నేనే చేసుకున్నాను. చిక్కడపల్లి చౌరస్తాలో ఓ తాళం కొన్నాను. రెండు నెలలు ఇంటి వెనక మెట్టు మీద కూచుని గోకాను. మూడుసార్లు తెరుచుకుంది. అది నా పనితనం కాదు, దాని దయ. ఇంకో తాళం కొంటానంటే విఠల్ "దొంగ చేతికి తాళాలిచ్చినట్టయితది" అన్నాడు.

మేముండేది అశోక్‌నగర్‌లో, ఒకే కాంపౌండులో అయిదు పోర్షన్లు. ఓనరు వీరరాఘవరావు గారు రోడ్ల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. రోడ్లన్నీ వదిలేసి ఇప్పుడు మా నీళ్ళని పట్టుకున్నారు. రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి నల్లా వస్తుంది, ఏడింటికి పోతుంది. కింద సంపు చిన్నది, అందులోకి నీళ్ళు వస్తుండగానే మోటారు వేసి పైన ట్యాంకుకు ఎక్కించాలి. సంపూ మోటారూ రెండూ ఒకే చిన్న అర్రలో ఉంటాయి, దానికి తాళం. మొన్నటిదాకా ఏడు లీవర్ల పాత ఇనప తాళం ఉండేది. జనవరిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్, అదే నుమాయిష్‌కు పోయి అరకిలో బరువున్న ఇత్తడి తాళం కొనుక్కొచ్చారు. దీన్ని తెరవాలంటే దొంగకు పూటంతా పడుతుందని అమ్మినాయన చెప్పాడట. ఆ మాట కాంపౌండులో అందరికీ కనీసం రెండుసార్లు వినిపించారు. పాత తాళాన్ని తన వరండాలో మేకుకు తగిలించారు. ట్రంకు పెట్టెకు కావాలని అడిగి తెచ్చుకుని, దాన్ని రెండు ఆదివారాలు గోకాను. ఉలకలేదు, పలకలేదు. అనుదీప్‌ని అడిగితే నవ్వాడు. "అది లీవర్ తాళం మేడం. దాన్ల పిన్నులే ఉండవు, రేక్ ఎట్ల పనిచేస్తది?" అన్నాడు. తీసుకుపోయి మేకుకే తగిలించాను.

మోటారు వేసేది, ఆపేది, కాంపౌండు ఊడ్చేది బాలనాగమ్మ. పాలమూరు జిల్లా నారాయణపేట పక్క పల్లె వాళ్ళది. మొగుడు ఎంకయ్య దోమలగూడలో కట్టే బిల్డింగుకు మేస్త్రీ కింద పనికి పోతాడు. మెట్ల కింది అర్ర వాళ్ళకు ఇల్లు. జీతంలో అదే ముఖ్యమైన భాగం, ఎందుకంటే వాళ్ళ బిడ్డ అనిత చిక్కడపల్లిలో సర్కారు బడిలో ఏడో తరగతి చదువుతున్నది, ఏప్రిల్‌లో పబ్లిక్ పరీక్షలు. ఓ రోజు బాలనాగమ్మ మోటారు ఆపడం మరిచిపోయి, ట్యాంకు పొర్లి నీళ్ళు వీధిన పడ్డాయి. ఓనరు గారు అందరిముందూ నిలబెట్టి చెప్పారు. "ఇంకొక్క తప్పు జేసినవంటే అర్ర ఖాళీ చెయ్యాలె. మర్నాడే." ఆయన అన్నంత పనీ చేసే మనిషి. అర్ర పోతే ఊరికి పోవాలి. ఊరికి పోతే అనిత పరీక్ష అంతే సంగతులు.

ఇది జరిగిన రెండు వారాలకు, ఓ ఆదివారం, ఆరు కాకముందే బాలనాగమ్మ మా వెనక తలుపు కొట్టింది.

"అక్కా, తాళంచెవి ఊరికి పోయింది."

"ఎవరితోటి?"

"బియ్యంతోటి."

నెమ్మదిగా కూపీ లాగితే తేలింది. ఓనరు గారు శనివారం తెల్లారి యాదగిరిగుట్టకు పోతూ, అంతకుముందు సాయంత్రం తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, పానం లెక్క చూసుకొమ్మన్నారు. ఆమె నిజంగానే ప్రాణంలా చూసుకుంది. బియ్యం సంచిలో అడుక్కు దాచింది. శనివారం పొద్దున ఎంకయ్య ఆ సంచి ఎత్తుకుని వాళ్ళమ్మకు ఇచ్చి రావడానికి నారాయణపేట బస్సెక్కాడు.

"నేనే నెత్తి మీదికి ఎత్తిన అక్కా" అంది బాలనాగమ్మ. "ఇప్పుడు యాదికొచ్చింది."

"ఎప్పుడొస్తడు?"

"రేపు పొద్దుగాల. సారేమో ఇయ్యాల పదింటికే వస్తడు. ట్యాంకుల సుక్క లేదు. నల్లా వచ్చే యాళ్ళయింది." వెనక మెట్టు వైపు చూపించింది. "నువ్వు తాళాలు గోకుతవు గదక్కా. నేను సూస్తనే ఉన్న."

నా రహస్యం ఆమెకు తెలుసని అప్పుడు తెలిసింది నాకు. లోపలినుంచి విఠల్ దుప్పటి కప్పుకునే వచ్చాడు. బ్యాంకులో పనిచేసే మనిషికి తాళమంటే భయం ఎక్కువ.

"కమలా, ఇది మెట్టు మీద కూచొని ఆడుకునే తాళం కాదు. ఇంకొకరిది. నువ్వు తీస్తవు, అందరు చూస్తరు. రేపు ఈ గల్లీల ఎవరింట్ల దొంగతనమైనా పోలీసోళ్ళు మొదలు మన తలుపే కొడ్తరు. నీ ఇన్‌స్టిట్యూట్‌ల ఆడపిల్లలు చదువుకుంటరు, జర ఆలోచించు."

అతను చెప్పింది అబద్ధం కాదు. నేను టైపు చేసిన కాగితంలోని రెండు షరతులూ ఒక్క దెబ్బకు దాటబోతున్నాను. కానీ తలుపు దగ్గర బాలనాగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. వెనకాల అనిత సామాన్యశాస్త్రం పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

"నల్లా ఏడింటికి పోతది" అన్నాను. "మీరు ముందు టార్చిలైటు తెండ్రి."

మోటారు అర్ర ముందు పీట వేసుకుని కూచున్నాను. ఇత్తడి తాళాన్ని ఎడమ అరచేతిలో పట్టుకున్నాను, చల్లగా ఉంది. సైకిలు పుల్ల పెట్టి టెన్షన్ ఇచ్చాను, టైట్‌గా. రేక్ దూర్చి గోకాను. లోపల ఏదో కొద్దిగా కదిలినట్టయి ఆగిపోయింది. ఇంకాస్త బిగించాను. రేక్ ఇరుక్కుంది. లాగితే వచ్చింది, మళ్ళీ పెడితే మళ్ళీ ఇరుక్కుంది. లోపల సంపులో నీళ్ళు పడుతున్న చప్పుడు మొదలైంది. అంటే ఆరు దాటింది. అయిదు ఇళ్ళ నీళ్ళు తలుపుకు అవతల పడుతున్నాయి, నేను ఇవతల చెమటలు కక్కుతున్నాను.

ఆరున్నరకు పై పోర్షన్ ఆదిలక్ష్మి గారు రెండు బకెట్లతో దిగింది. ఆమె కంట పడితే చిక్కడపల్లి మార్కెట్‌కు చేరినట్టే.

"ఏంది టీచరమ్మా, పొద్దుగాలనే తాళంతోటి?"

నేను నోరు తెరిచే లోపే బాలనాగమ్మ అంది. "జామైందమ్మా. టీచరక్క నూనె పోస్తున్నది."

"నూనె ఏది?"

"ఐపోయింది" అన్నాడు విఠల్. టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ పాపానికి అతనూ ఇందులో భాగస్వామి అయ్యాడు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో అతను నా కోసం ఆడిన మొదటి అబద్ధం అది. ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను, కానీ చేతులు ఖాళీగా లేవు.

పనిముట్టు జారి కిందపడింది. బాలనాగమ్మ తీసి ఇవ్వబోయి, వెలుతురులో తిప్పి చూసింది.

"గిదేందక్కా?"

"రేక్ అంటరు."

"రేకు గిట్లెందుకుంటది? రేకు సాపుగుంటది."

"ఆ రేకు కాదే. రేక్. పొలంల మట్టి గోకుతరు కదా పళ్ళదానితోటి, అది ఇంగ్లీషుల."

"దంతె" అంది బాలనాగమ్మ. ఆమె మొహం మారింది. అప్పటిదాకా అది ఆమెకు తెలియని చదువు, ఇప్పుడు తెలిసిన పని. పక్కన కింద కూచుంది. "ఏదీ, కొట్టు సూస్త."

మళ్ళీ పెట్టి గోకాను. ఆమె తాళాన్ని చూడలేదు, నా చేతులు చూసింది.

"అక్కా, నువ్వు దంతె మీద ఎక్కి నిలబడ్డవ్."

"అంటే?"

"నీ ఎడమ చెయ్యి సూడు. గోళ్ళు తెల్లవడ్డయి. బరువంత ఆడనే ఉంది. మా అయ్య ఎడ్లు కట్టి దంతె కొడ్తుంటే నేను ఎన్క నడిశేదాన్ని. దాని మీద బరువెయ్యనియ్యకపోతుండె. బరువేస్తే పండ్లు దిగవడ్తయి, ఎడ్లు ఆగుతయి. ఊకె ఆనిచ్చి పట్టుకోవాలె. అది పోతా ఉంటది, నువ్వు ఎంట పోవాలె."

"టైట్‌గ పట్టుకోవాలని రాసిండ్రు" అన్నాను.

"రాసినాయన దంతె కొట్టిండా?"

ఎడమ చేతి వేళ్ళు సడలించాను. ఎంత సడలించినా ఆమె "ఇంకా" అంటుంది. చివరికి పుల్ల మీద నా వేలు ఉందో లేదో నాకే తెలియనంత తేలిక చేశాను. పన్నెండేళ్ళలో నా వేలు దేన్నీ అంత మెల్లగా తాకలేదు. రేక్ లోపలికి పెట్టి వెనక్కి లాగాను. మళ్ళీ పెట్టి లాగాను. ఈసారి ఇరుక్కోలేదు. లోపల పిన్నులు ఒక్కొక్కటీ చిటుకు చిటుకుమని తగలడం మొదటిసారి వేళ్ళకు తెలిసింది. నాలుగోసారో అయిదోసారో లాగుతుండగా గొట్టం దానంతట అదే తిరిగింది, కొక్కెం టక్కుమని పైకి లేచింది.

బాలనాగమ్మ లోపలికి పరుగెత్తి మోటారు వేసింది. ఆరూ నలభై రెండు. ఏడింటికి నల్లా పోయేసరికి ట్యాంకు మూడొంతులు ఎక్కింది. నేను తాళం నొక్కి మళ్ళీ వేసేశాను. ఎందుకైనా మంచిదని ఒకసారి మళ్ళీ తీసి చూశాను. అర నిమిషం పట్టింది. మళ్ళీ తీశాను. ఈసారి అంత కూడా పట్టలేదు. సంతోషం పట్టలేక పీట మీదే కూచుని పిచ్చిదానిలా నవ్వాను.

ఇంట్లోకి పోయి నాలుగో కార్బన్ తీసి కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూశాను. అది టైట్ కాదు, లైట్. ఎల్ అక్షరం మెడకు అడ్డంగా కార్బన్ మరక పడి, అది టీ అయి కూచుంది. తప్పు నాది కాదు, కార్బన్‌ది. పై కాపీలో ఎట్లా పడిందో అనుదీప్‌ని మాత్రం ఇప్పటికీ అడగలేదు.

పదింటికి ఓనరు గారు దిగారు. నున్నటి గుండు, దాని మీద గంధం, చేతిలో ప్రసాదం సంచి. అయిదు పోర్షన్లకూ తలా ఒక లడ్డు పంచి, ఆఖరున చెయ్యి చాపారు.

"బాలనాగమ్మా, తాళంచెవి."

ఆమె నా వైపు చూసింది. పొద్దుటినుంచీ నేను ఈ క్షణం కోసం మాటలు నూరి పెట్టుకున్నాను. ఆమెను పంపితే మేమూ పోతాం, రోడ్లు వేయించినట్టు మనుషుల మీద రోలరు నడిపిస్తారా, ఇలాంటివి ఓ ఏడెనిమిది. మొదటిది నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడు నా ఎడమచెయ్యి కనిపించింది. పిడికిలి బిగిసి ఉంది, గోళ్ళు తెల్లబడ్డాయి. వేళ్ళు వదిలేశాను.

"సార్, ఒక పొరపాటైంది" అన్నాను, ఇంట్లో విఠల్ కూడా ఎప్పుడూ వినని గొంతుతో. "మీరు పానం లెక్క చూసుకొమ్మన్నరని ఆమె బియ్యం సంచిల దాచింది. ఎంకయ్య తెల్వక ఆ సంచి ఊరికి తీసుకపోయిండు. తాళంచెవి పోలేదు, రేపు పొద్దుగాల వస్తది. నీళ్ళు మాత్రం టైముకు ఎక్కినయి. తాళం నేను తీసిన. మిమ్మల్ని అడగకుంట మీ తాళం ముట్టిన, అది నాది తప్పు."

ఆయన బాలనాగమ్మ వైపు తిరగబోయినవారు సగంలో ఆగిపోయారు.

"తీసిండ్రా? తాళంచెవి లేకుంట?"

"అవును సార్."

"నుమాయిష్ తాళాన్నా?"

"చానసేపు పట్టింది సార్. చెమటలు కారినయి."

ఇది అబద్ధం కాదు. అయినా ఆయన మొహంలో నెత్తురు లేదు. గంధం ఒక్కటే ఉంది. చుట్టూ చూశారు. ఆదిలక్ష్మి గారు లడ్డు నములుతూ వింటున్నది. మిగతా పోర్షన్లవాళ్ళు కూడా గుమ్మాల్లోకి వచ్చారు. వాళ్ళందరికీ తలా రెండుసార్లు చెప్పిన మాట అది, పూటంతా పడుతుందని.

"నా ముంగట తియ్యిండ్రి" అన్నారు. చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకున్నారు. "నేను చూడాలె."

పీట వచ్చింది, జనం వచ్చారు. నేను అలవాటుగా, అంటే ఆ పొద్దున్నే వచ్చిన కొత్త అలవాటుగా, ఎడమ వేలు తేలిగ్గా ఆనించి రేక్ పెట్టాను. రెండోసారి లాగేసరికే గొట్టం కదలబోయింది. ఇది ఇప్పుడు అర నిమిషంలో తెరుచుకుంటే తాళం పరువు పోతుంది, ఆయన పరువు పోతుంది. పరువు పోయిన మనిషి కోపం అక్కడున్న అందరిలోకీ చిన్నవాళ్ళ మీదే పడుతుంది. చెయ్యి ఆపేశాను. ఆపి ఎంతసేపు కూచోగలను? చూసేవాళ్ళకు అనుమానం రాదూ?

బాలనాగమ్మ చీపురు పట్టుకుని నా పక్కన ఊడుస్తున్నట్టు వంగింది. ఊడ్చిన చోటే ఊడుస్తూ, నా చెవి దగ్గర మెల్లగా అంది.

"ఎడమ చెయ్యక్కా. జర బరువెయ్యి."

నవ్వొచ్చి చచ్చాను. పెదవి కొరుక్కుని బరువేశాను. మరి ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరు. సైకిలు పుల్ల వంగేలా బిగించి, రేక్‌తో బరబరా గోకాను. పిన్నులు బిగుసుకుపోయాయి. తాళం బండరాయిలా కూచుంది.

అయిదు నిమిషాలకు ఓనరు గారు "ఊఁ" అన్నారు. పది నిమిషాలకు కుర్చీ తెప్పించుకున్నారు. పావుగంటకు మొహంలోకి రంగు వచ్చింది. "పాపం, టీచరమ్మకు మంచినీళ్ళియ్యిండ్రి" అన్నారు. ఇరవై నిమిషాలకు ఆదిలక్ష్మి గారితో, లోపల అంతా మిషను పనేనని, చేత్తో చేసిన సరుకు కాదని వివరించసాగారు. ఇరవై అయిదు దాటాక గుండు నిమురుకుంటూ, "ఇగ చాలు తియ్యమ్మా, చేతులు నొస్తయి" అన్నారు, ఎంతో ప్రేమగా.

"ఇంకొక్క ఐదు నిమిషాలు సార్" అన్నాను. అసలే తెరవకపోతే పొద్దున తెరిచిన మాట నమ్మరు. నిజంగానే చేతులు నొస్తున్నాయి. వేలు సడలించాను. రెండుసార్లు లాగాను. టక్కుమంది.

"ముప్పై ఒక్క నిమిషం" అని లేచి నిలబడి చదివారు ఓనరు గారు, స్కూల్లో ర్యాంకు చదివినట్టు. "ఇంత చదువుకున్న మనిషికే ముప్పై ఒక్క నిమిషం. ఏ దొంగ నిలబడ్తడు అంతసేపు?"

ఎవరూ నిలబడరని అందరం ఒప్పుకున్నాం. అప్పుడు ఆయన బాలనాగమ్మ వైపు తిరిగారు.

"తాళంచెవి బియ్యంల దాస్తరా ఎవరన్నా?"

"ఇంట్ల అంతకంటె ఇలువైంది ఏం లేదు సారు" అంది బాలనాగమ్మ. "అందుకే దాన్ల పెట్టిన."

ఆయన గడియారం చేతికి కట్టుకున్నారు. "సరే. రేపు ఎంకయ్య రాంగనే తెచ్చియ్యి. అర్ర గురించి నేనన్నది మనసుల పెట్టుకోకు. పిల్ల పరీక్షలున్నయి కదా" అన్నారు. అనితకు ఇంకో లడ్డు ఇచ్చి లోపలికి పోయారు. బాలనాగమ్మ అక్కడే చీపురు మీద చేతులానించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చేతుల నొప్పికని చెప్పాను.

సోమవారం ఎంకయ్య తాళంచెవి తెచ్చాడు. వాళ్ళమ్మ బియ్యం చెరుగుతుంటే చేటలో దొరికిందట. ఓనరు గారు దాన్ని బాలనాగమ్మ చేతికే ఇచ్చారు, ఇచ్చి మెట్ల కింది అర్ర వైపు చూశారు. ఆ తలుపుకు గొళ్ళెం ఉంది గానీ తాళం లేదు, తీగ ముక్క చుట్టి పోతుంటారు.

"దీనికి తాళం లేదా?"

"దొంగ వొస్తే ఆనికే మేమేమన్న ఇయ్యాలె సారు" అంది బాలనాగమ్మ.

"నా తాళంచెవి ఉంటది కదా ఇకనుంచి లోపల" అన్నారాయన. వరండాలో మేకుకున్న పాత ఏడు లీవర్ల తాళం తీసి, రెండు తాళంచెవులతో సహా ఆమె చేతిలో పెట్టారు.

ఆ తర్వాత నుమాయిష్ తాళం కథ వీధిలో నడిచింది. ఉగాదికి ముప్పై ఒక్క నిమిషం గంటయింది. ఏప్రిల్‌లో అనిత పరీక్ష రాసి వచ్చేనాటికి గంటన్నర. ఓనరు గారు ఆ లెక్క చెప్తున్నప్పుడు నేనూ బాలనాగమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకోము. దొంగతనం జరిగితే మన తలుపు కొడతారని విఠల్ భయపడ్డాడు గానీ, ఇప్పుడు తాళంచెవి పోగొట్టుకున్న ఆడవాళ్ళందరూ మా తలుపే కొడుతున్నారు. వాళ్ళ తాళమేనని రూఢి చేసుకున్నాకే కదులుతాను. పీట మోసేది మాత్రం విఠలే.

ఓనరు గారు పాత తాళం ఇచ్చిన ఆ సోమవారం సాయంత్రమే బాలనాగమ్మ మా ఇంటికి వచ్చింది. పాత తాళానికి నూనె పెట్టి తుడిచినట్టుంది, వేళ్ళకు నలుపు. ఒక తాళంచెవి కొంగున కట్టుకుంది. రెండోది నా అరచేతిలో పెట్టింది.

"నాకెందుకే?" అన్నాను. విఠల్ పక్కనుంచి దొంగ చేతికి తాళాలన్న సామెత ఎత్తుకోబోయి, నా మొహం చూసి ఆపేశాడు.

"ఇది లీవర్లది అంట గదక్కా" అంది బాలనాగమ్మ. "దీన్ల నీ దంతె నడవదు. నేను లేనప్పుడు పిల్లొస్తే నువ్వే తియ్యాలె."

ఆమె వెళ్ళాక ఆ తాళంచెవిని ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా చూశాను. చివరికి బియ్యం డబ్బాలో అడుక్కు దాచాను.